రెండో కబురు

ఆదిలాబాద్
సెప్టెంబర్ 2, 2024

పెద్దబాపూ,

నువ్వు రాస్తే తప్ప నీ సంగతి తెలిసే దారి లేదు కాబట్టి, ముందు ఎట్లా ఉన్నావో రాయి. జమ్మికుంటలో సర్దార్ కాక మైక్‌సెట్ దుకాణానికి ఫోన్ చేస్తే "మీ పెద్దబాపుకేంది, గుండులెక్క ఉన్నడు" అన్నాడు. ఆయన అందరి గురించీ అదే అంటాడు. చెవి మిషన్ పెట్టుకుంటున్నావా, లేక డబ్బాలోనే దాచావా?

ఇక్కడ ముసురు వదలడం లేదు. పిల్లల బట్టలు ఆరక బడి వరండా అంతా వాసన.

ఒక సంగతి చెప్పాలి. బడి అయిపోయాక మేం ముగ్గురం నాటకం తయారుచేస్తున్నాం. ప్రణయ్ మా బడిలోనే లెక్కల సారు. తహసీన్ ఆసుపత్రిలో నర్సు. ఎండాకాలంలో హైదరాబాద్ వెళ్ళి నేర్చుకున్న పద్ధతి ఇది. స్టేజీ ఉండదు. పరదా ఉండదు. రంగు పూసుకోం. మైకు లేదు. ఎవరింటి వాకిట్లోనో జనం కూర్చుంటారు, మేమూ వాళ్ళ మధ్యే కూర్చుంటాం. ఎవరు వేషగాళ్ళో ఎవరు ఊరివాళ్ళో మొదట తెలియదు. ఇది చదివి నువ్వు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నావని నాకు తెలుసు. తుడుచుకుని మళ్ళీ చదువు, అదే ఉంటుంది.

నా చిన్నప్పుడు ఒకరోజు పెద్దవ్వ వంట చేస్తుంటే, వాళ్ళ ఊరినుంచి ఒకతను సైకిల్ మీద వచ్చి "మీ అన్న పోయిండు" అన్నాడు. పెద్దవ్వ గంటె పారేసి వాకిట్లో పొర్లి ఏడ్చింది. ఆమెను చూసి నేనూ ఏడ్చాను. కొంచెంసేపటికి ఇంకొకతను వచ్చి "ఉత్తదే అక్కా, మీ అన్నను కాకి తన్నింది, గందుకే" అన్నాడు. పెద్దవ్వ చీపురు పట్టుకుని ఇద్దరినీ సందు చివరిదాకా తరిమింది. మళ్ళీ తనే పిలిచి కోడిని కోసి వండిపెట్టింది.

దాన్నే నాటకం చేద్దామనుకుంటున్నాం. పేరు "కబురు". ఆ పద్ధతి ఎందుకు, ఎవరు పోవాలి, ఏమని చెప్పాలి? నీకు గుర్తున్నంత రాయి.

నీ నాటకాల్లో పరదా తాడు గుంజిన బిడ్డ,
నవనీత


తుమ్మలకుంట
సెప్టెంబర్ 15, 2024

బిడ్డ నవనీతకు, కళ్ళు బాగుండి చెవులు లేని పెద్దబాపు రాసినది.

చెవి మిషన్ పెట్టుకున్నాను. రాజవ్వ ఇంట్లో కుక్కర్ కూస్తే నా నెత్తిమీద రైలు పోయినట్టు వినిపించింది. మనుషుల మాట మాత్రం వినిపించలేదు. తీసి డబ్బాలో పెట్టినాను.

నేను ఉత్తరాల్లో పుస్తకం భాష రాస్తానని పోయినసారి నవ్వినావట, సర్దార్ చెప్పినాడు. నోటితో మాట్లాడేది వేరు, కాగితం మీద మాట్లాడేది వేరు. నేను అక్షరాలు నేర్చినది నాటకం పుస్తకాల్లోనే. రాజు భాష రాక నౌకరు భాష వస్తుందా?

నీ నాటకం సంగతి రెండుసార్లు చదివినాను. రంగు వద్దు అన్నావు, సరే, పైసలు మిగులుతాయి. మైకు వద్దు అన్నావు, సర్దార్ బాధపడతాడు కాని బతుకుతాడు. పరదా ఎందుకు వద్దు? మీ హైదరాబాద్ సార్లు పరదా ఎందుకు ఉన్నదని ఎప్పుడైనా అడిగినారా? రాజు చస్తాడు. జనం ఏడుస్తారు. పరదా పడుతుంది. పరదా వెనక రాజు లేచి బీడీ ముట్టిస్తాడు. పరదా లేకుంటే చచ్చిన రాజు ఎప్పుడు లేవాలి? జనం కళ్ళముందే లేచి బట్టలు దులుపుకుని పోవాలా?

మన రాజదర్బారు పరదా అటక మీదనే ఉన్నది. ఎలుకలు దాని మీది సింహాసనం బొమ్మ కాళ్ళు కొరికినవి. మిగతాది బాగున్నది.

నువ్వు అడిగినది చెప్తాను. కాకి నెత్తిమీద తన్నితే చావు దగ్గరికి వచ్చినట్టు. దాన్ని మోసం చేయాలి. నిజంగా ఏడ్చేవాళ్ళు ఎవరో చూసుకుని వాళ్ళకు చావు కబురు పంపుతారు. వాళ్ళు ఏడుస్తారు. ఆ ఏడుపు విని చావు, తన పని అయిపోయిందనుకుని తిరిగిపోతుంది. మొదటి కబురు పట్టుకుపోయేవాడు నవ్వు మొహంవాడు కావొద్దు. వాడి వెనకనే రెండో కబురువాడు బయలుదేరాలి. వాడు దారిలో కల్లుకు ఆగొద్దు. "ఉత్తదే" అని వాడు చెప్పేదాకా పద్ధతి పూర్తి కాదు. అసలు పని రెండోవాడిదే.

మీ పెద్దవ్వ తరిమింది గుర్తున్నది. ఆ కోడి నాకు ఇష్టమైన పుంజు.

మొండయ్య, మాజీ మహారాజు


ఆదిలాబాద్
అక్టోబర్ 6, 2024

పెద్దబాపూ,

బతుకమ్మ సెలవుల్లో రోజూ సాధన చేస్తున్నాం. నాటకం ఒక రూపానికి వచ్చింది. వాకిట్లో ఆడవాళ్ళు పల్లికాయ ఒలుస్తుంటారు. వాళ్ళలో తహసీన్ ఒకతి. నాటకంలో ఆమె మొగుడు మస్కట్‌లో ఉంటాడు. ప్రణయ్ బండి మీద వచ్చి, ఆపి, దిగకుండానే కబురు చెప్తాడు. ఆమె ఏడవదు. పల్లికాయ ఒలుస్తూనే ఉంటుంది. ఆమె ఎందుకు ఏడవడం లేదని పక్కవాళ్ళు మాట్లాడుకోవడమే నాటకం. ఆ మాట్లాడే పక్కవాళ్ళు ఊరివాళ్ళే. మేం రాసిచ్చింది కాదు.

ఒక్కటి మార్చాం. కోప్పడకు. రెండో కబురు తీసేశాం. ఎందుకంటే "ఉత్తదే" అనగానే జనం నవ్వి, బట్టలు దులుపుకుని వెళ్ళిపోతారు. పరదా చేసే పని కూడా అదే కదా? జనాన్ని ఊరడించి ఇంటికి పంపడం. ఊరట లేకుండా పంపితే ఇంటిదాకా ఆలోచిస్తూ పోతారు. మా పట్టుదల అది.

దీపావళి తర్వాత నిర్మల్ దిక్కున గంగంపేట అనే ఊళ్ళో మొదటిసారి ఆడుతున్నాం. నువ్వు వస్తే నీ పక్కన కూర్చుని ఎవరు ఏమంటున్నారో కాగితం మీద రాసి చూపిస్తాను. రా.

నవనీత


తుమ్మలకుంట
అక్టోబర్ 17, 2024

నవనీతా,

రాను. పత్తి ఏరే కాలం. కూలోళ్ళు దొరకడం లేదు. ఉన్న వాళ్ళ వెనక నేనే తిరుగుతున్నాను.

రెండో కబురు లేకుండా మొదటి కబురు పంపేవాడిని మన దిక్కు నాటకగాడు అనరు. ఏమంటారో నీకు తెలుసు. నువ్వు టీచరువు, నా నోట అనిపించకు.

జమ్మికుంట యార్డులో పత్తి బస్తాల పక్కన నిలబడి చాయ్ తాగుతుంటే నన్ను కాకి తన్నింది. చాయ్ అంగీ మీద ఒలికింది. సర్దార్ నవ్వినాడు. పక్కింటి రాజవ్వకు ఈ సంగతి చెప్పినది కూడా వాడే. అప్పటినుంచి ఆమె లొల్లి. "ఎవలకన్న కబురు పంపు, ఎవలకన్న కబురు పంపు" అని వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తుంది. నేను నమ్మను. ఏడ్చేవాళ్ళు ఉన్నవాళ్ళకు గదా ఆ పద్ధతి. మీ పెద్దవ్వ ఉంటే ఆమెకు పంపేవాణ్ణి. ఆమె ఏడుపు మూడు ఊళ్ళకు వినిపించేది.

మీ ఆట మంచిగ జరగాలి.

పెద్దబాపు


ఆదిలాబాద్
నవంబర్ 10, 2024

పెద్దబాపూ,

మంచిగ జరగలేదు.

గంగంపేటలో ఒక వాకిలి దొరికింది. ముందే చెప్పి పిలిచినవాళ్ళు వచ్చి కూర్చున్నారు. తహసీన్ పల్లికాయ ఒలవడం మొదలుపెట్టింది. ప్రణయ్ బండి మీద వచ్చి, "సాగర్ పోయిండట, కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది" అన్నాడు. మా నాటకంలో తహసీన్ మొగుడి పేరు సాగర్. మేం అనుకోకుండా పెట్టుకున్న పేరు.

ఆ ఊళ్ళో కొమురవ్వ అని ఒకామె ఉంది. పత్తి చేనుకు పోయి అప్పుడే వస్తోంది. అక్కడ నాటకం అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి స్టేజీ లేదు, పరదా లేదు, మైకు లేదు. జనం కూర్చుంటే ఏందో అని ఆగింది. ఆమె కొడుకు మస్కట్‌లో ఉంటాడు. అతని పేరు సాగర్.

ఆమె అరవలేదు. నెత్తిమీది మూట దించకుండానే కూలబడింది. పత్తి అంతా వాకిట్లో పడింది. మేం "నాటకం అవ్వా, నాటకం" అంటే ఆమెకు ఎక్కలేదు. కొడుక్కు ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడు. అతను మళ్ళీ చేసేసరికి పొద్దు గూకింది. అంతసేపూ ఊరంతా ఆమె చుట్టూ ఉంది. మేం ఒక పక్కన నిలబడ్డాం.

ఒకాయన ప్రణయ్ అంగీ పట్టుకున్నాడు. "సావుతోని ఆటనార మీకు? గంత సరదా ఉంటె మీ అవ్వ పేరు పెట్టి ఆడుకోండ్రి!" అన్నాడు. తహసీన్ నర్సు కదా, కొమురవ్వను ముట్టుకుని చూడబోతే ఆడవాళ్ళు చెయ్యి తోసేశారు.

కొడుకు గొంతు విన్నాక కొమురవ్వ నా దిక్కు చూసి ఒక్క మాట అంది. "పేరన్న అడుగకపోతిరి గద బిడ్డా." తిట్టినా బాగుండేది.

నాటకం ఆపేశాం. ప్రణయ్ ఇంక దాని మాట ఎత్తొద్దన్నాడు. నాకు ఆపాలని లేదు, చేయాలని లేదు. ఆమె మొహం మళ్ళీ చూడగలనా అన్నదే తెలియడం లేదు.

నవనీత


తుమ్మలకుంట
నవంబర్ 20, 2024

బిడ్డా,

తిడతానని ఎదురుచూస్తుంటావు. తిట్టను. ఊరు తిట్టింది చాలు.

మీరు రెండో కబురు చెప్పకుండా వచ్చినారు. కొడుకు ఫోన్ చేసినాడు, అది కొడుకు చెప్పిన కబురు. మీరు చెప్పవలసినది మీ దగ్గరనే ఉన్నది. పోయి చెప్పాలి. నాటకం ఆగితే ఆ ఊళ్ళో మీరు ఎప్పటికీ చావు కబురు తెచ్చినవాళ్ళే. మళ్ళీ పోయి సరిగ్గా ఆడితేనే నాటకం వాళ్ళు అవుతారు. ఎట్లా ఆడాలో నాకు తెలియదు. నాకు తెలిసినది పరదా నాటకం.

నేను వస్తాను. దర్బారు పరదా కూడా తెస్తాను. కట్టుకుంటారో కప్పుకుంటారో మీ ఇష్టం. పత్తి అయిపోవచ్చింది. రోజు చూసి రాయి.

పెద్దబాపు


తుమ్మలకుంట
డిసెంబర్ 2, 2024

బిడ్డా,

మొన్నటి ఉత్తరంలో ఉన్నది ఉత్తదే. నిజం అనుకోకు. మనసు కష్టపెట్టుకుని ఉంటావు. నాకు ఇష్టం లేకుండె. రాజవ్వ నోరు నీకు తెలుసు గదా, ఆమె పోరు పడలేక ఒప్పుకున్నాను. నేను ఇక్కడనే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు.

కోపం వస్తే తిట్టుకో. కాని ఉత్తరం అందినప్పుడు నీకు ఏమనిపించిందో మాత్రం దాచకుండా రాయి. తెలుసుకోవాలని ఉన్నది.

పెద్దబాపు


ఆదిలాబాద్
డిసెంబర్ 9, 2024

పెద్దబాపూ,

నీ ఉత్తరం అందింది. ఉత్తదే అన్నావు. సరే.

ఏమనిపించిందో దాచకుండా రాయమన్నావు. పెద్దగా ఏమీ అనిపించలేదు. నీ వయసులో ఇట్లాంటివి మామూలే, ఇట్లా అవుతుందని లోపల అనుకుంటూనే ఉన్నాను. ప్రణయ్‌కు చెప్తే "పోనీ తియ్, ముసలాయన" అన్నాడు. రాజవ్వ మాట మీద నడిచేవాడివని మాత్రం అనుకోలేదు.

ఇక్కడ మా పనులు మావి. ఒకరు లేనంతమాత్రాన ఆగవు. పరదా ఎలుకలకే ఉండనీ.

చలి మొదలైంది. స్వెటర్ వేసుకో.

నవనీత


తుమ్మలకుంట
డిసెంబర్ 16, 2024

నవనీతకు,

ఉత్తరం చేరినది. స్వెటర్ వేసుకున్నాను.

నేను చచ్చిపోయినానని రాయిస్తే "పెద్దగా ఏమీ అనిపించలేదు" అని రాసినావు. అడిగినది నేనే, నిజం రాసినావు, నిన్ను అనడానికి లేదు. వయసుకు మామూలే అన్నావు. అది కూడా నిజమే. ఆ పిల్లగాడు పోనీ అన్నాడు. మంచిది.

నలభై ఏండ్లు స్టేజీ మీద చచ్చినాను. ఒక్కనాడు కూడా జనం ఊరికే కూర్చోలేదు. రాజవ్వ రోజూ వచ్చి "ఏడ్చిందా, ఏడ్చిందా" అని అడుగుతుంది. నాకు వినపడనట్టు కూర్చుంటున్నాను. చెవుడుకు ఇదొక లాభం.

కాకి పని కాకి చూసుకుంటుంది. నువ్వు ఫికర్ చేయకు. చేసేటట్టు కూడా లేవు.

మొండయ్య


ఆదిలాబాద్
డిసెంబర్ 17, 2024

పెద్దబాపూ,

ఈ రోజు పొద్దున బడికి ఒక ఉత్తరం వచ్చింది. కవరు మీద నీ రాత కాదు. లోపల ఇంతే ఉంది: "మీ పెద్దబాపు మొండయ్య గారు నిన్న పొద్దుగాల చనిపోయినారు. మీరు రాగలరు. ఇట్లు, రాజవ్వ కోడలు ప్రవళిక."

స్టాఫ్ రూములో టీచర్లందరి ముందు ఏడ్చాను. పెద్దవ్వలాగానే, కింద కూర్చుని. మొన్న నీకు అట్లా పెడసరంగా ఉత్తరం రాశాను, అది నీకు చేరిందో లేదో, చేరాక పోయావా అని అదొకటి. నా సంచీ ఎవరో సర్దారు. హెడ్మాస్టర్ బస్సు టైములు కనుక్కుంటున్నాడు. ప్రణయ్ ఆ కాగితాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "మేడం, దీని మీద నవంబర్ ముప్పై అని ఉంది. ఆయన మీకు రాసిన ఉత్తరం డిసెంబర్ రెండుది కదా. సచ్చిపోయినాయన ఉత్తరమెట్ల రాసిండు?" అన్నాడు.

నీ ఉత్తరం సంచీలోనే ఉంది. తీసి మళ్ళీ చదివాను. "మొన్నటి ఉత్తరంలో ఉన్నది ఉత్తదే." "ఎక్కడికీ పోలేదు." పెద్దబాపూ, నువ్వు గంగంపేటకు వస్తానని రాసింది ఉత్తదే అంటున్నావనుకున్నాను! రానందుకు ఎందుకింత రాద్ధాంతం, నాకేమనిపించిందో ఎందుకు అనుకుని, కోపంతో అట్లా రాశాను. రెండో కబురు ముందొచ్చింది. మొదటిది ఇప్పుడొచ్చింది.

అయినా నమ్మకం చాలక సర్దార్ కాకకు ఫోన్ చేశాను. ఎక్కడో పెళ్ళిలో ఉన్నాడు, పాటల హోరు. నేను అరిచింది ఆయనకు అర్థం కాలేదు. అలవాటుగా "గుండులెక్క ఉన్నడు" అన్నాడు. ఆ మాట విని కూడా ఏడ్చాను.

సాయంత్రం తహసీన్ వచ్చింది. ఆ ఉత్తరం చూపించమని, పైకి చదివింది. చదువుతుంటే మళ్ళీ ఏడుపొచ్చింది. ఉత్తదని తెలుసు. నువ్వు తుమ్మలకుంటలో స్వెటర్ వేసుకుని కూర్చున్నావని తెలుసు. తెలిసి కూడా ఆగలేదు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ప్రణయే అన్నాడు, "ముందుగాల ఉత్తదే అని చెప్పినా పనిచేస్తది." నాటకం మాట ఎత్తొద్దన్నవాడు.

ఈ ఆదివారం గంగంపేట పోతున్నాం. ఆడడానికి కాదు, అడగడానికి.

నువ్వు కాకి సంగతి రాసినప్పుడు నేను దానికి జవాబే ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. ఏడ్చేవాళ్ళు ఉన్నారు. రాజవ్వకు చెప్పు.

నవనీత


తుమ్మలకుంట
డిసెంబర్ 24, 2024

బిడ్డా,

నీ ఉత్తరం రాజవ్వకు చదివి వినిపించినాను. రెండుసార్లు చదివించుకున్నది. "నేను జెప్పలే? నేను జెప్పలే?" అని బజార్లో అందరికీ చెప్పి వచ్చింది. నేను 16న రాసినది ఈపాటికి నీకు చేరి ఉంటుంది. దాన్ని పొయ్యిలో పెట్టు.

తప్పు సర్దార్‌ది. మొదటి ఉత్తరం వాడి చేతికిచ్చి డబ్బాలో వెయ్యమన్నాను. వాడు బండి డిక్కీలో వైర్ల కింద పెట్టి మరిచిపోయినాడు. రెండోది ఇస్తే అదేనాడు వేసినాడు. తర్వాత వైర్ల కోసం వెతుకుతుంటే మొదటిది దొరికింది. నిజాయితీ గల మనిషి గదా, అది కూడా వేసినాడు. అడిగితే, "అరె మొండయ్య భాయ్, ఖత్ డబ్బాల ఏసుడే నా పని. ముందుదేదో ఎనుకదేదో నాకేం ఎరుక?" అంటున్నాడు. ఫోన్‌లో చెప్పిస్తే అయిపోయేది. కాని ఫోన్ అయితే నువ్వు వెంటనే నాకు ఏమైందని నలుగురికి చేస్తావు, ఏడ్వడానికి తీరిక ఉండదని రాజవ్వ అన్నది.

గంగంపేటలో వాళ్ళు ఒప్పుకుంటే ఒక్క మాట వినండి. మస్కట్ వద్దు. కొడుకుల పేర్లు వద్దు, మొగుళ్ళ పేర్లు వద్దు. ఏ పేరు పెట్టినా ఎవరో ఒకరు ఉంటారు. నా పేరు పెట్టండి. ఎట్లాగూ నన్ను ఒకసారి చంపినారు. నేను అక్కడనే కూర్చుంటాను, అనుమానం ఉన్నవాళ్ళు ముట్టుకుని చూసుకోవచ్చు.

పెద్దబాపు


ఆదిలాబాద్
డిసెంబర్ 30, 2024

పెద్దబాపూ,

16వ తేదీ ఉత్తరం చేరింది. పొయ్యిలో పెట్టలేదు. మా ఇంట్లో గ్యాసు.

గంగంపేటకు రెండుసార్లు పోయాం. మొదటిసారి కొమురవ్వ చేనుకు పోయిందన్నారు. ఇంట్లోనే ఉంది. రెండోసారి గడప మీద కూర్చోబెట్టింది. నేను జరిగిందంతా చెప్పాను. నీ ఉత్తరాల తారుమారు సంగతి కూడా చెప్పాను. వాళ్ళ అత్తగారింట్లో కూడా ఒకసారి అట్లాంటి కబురు వచ్చిందట. "మా మామ గా కబురు తెచ్చినోని పండ్లు రాలగొట్టిండు. నయం, మీ సారు పండ్లు మేం రాలగొట్టలే" అంది. ప్రణయ్ చేత్తో నోరు కప్పుకున్నాడు.

మళ్ళీ ఆడతామని, ముందే అందరికీ ఉత్తదే అని చెప్తామని అడిగాం. కొమురవ్వ చాట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. తర్వాత అంది, "గా మాట మీ నోట వద్దు. మీరు జెప్తె ఎవలు నమ్ముతరు? నేను జెప్త. నేను జెప్తెనే నమ్ముతరు."

జనవరి ఐదు, ఆదివారం, పగటిపూట. ఆమె వాకిట్లోనే. నీ పేరు పెడుతున్నాం. పరదా తీసుకుని రా. కూర్చోవడానికి చాపలు చాలవంది కొమురవ్వ. నీకు కోపం రాదంటే అది కింద పరుస్తాం.

నవనీత


తుమ్మలకుంట
జనవరి 9, 2025

బిడ్డ నవనీతకు, చచ్చి వచ్చిన పెద్దబాపు రాసినది.

నేనూ సర్దారూ క్షేమంగా చేరినాము. పోయేటప్పుడు బస్సులో ఆడవాళ్ళందరికీ ఫ్రీ, మా ఇద్దరికీ టికెట్, పరదాకు కూడా టికెట్. "దర్బారుకు టికెట్ కొట్టుడేంది? గది రాజుగారిది" అని సర్దార్ లొల్లి పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు వేరే కండక్టర్. నవ్వి ఊరుకున్నాడు.

మనం అక్కడ మాట్లాడుకోలేకపోయినాము. నువ్వు పనుల్లో ఉన్నావు, నాకు వినపడదు. అందుకని చూసినది రాస్తున్నాను.

పరదా కింద పరుస్తుంటే చూడలేక మొదట అటు తిరిగినాను. ఆ పరదా మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. తర్వాత చూస్తే, ముసలామె ఒకతి సింహాసనం బొమ్మ మీద సరిగ్గా కూర్చుని పల్లికాయ ఒలుస్తున్నది. ఇద్దరు పిల్లలు ఏనుగు మీద కూర్చున్నారు. నన్ను స్తంభం పక్కన కూర్చోబెట్టినారు. మన దర్బారు అంత నిండుగా ఎన్నడూ లేదు.

కొమురవ్వ లేచి నన్ను చూపించి ఏదో చెప్పింది. సర్దార్ నా చేతిలో కాగితం పెట్టినాడు. "ఇగో సూడుండ్రి, గీ అన్ననే మొండయ్య. గీడనే ఉన్నడు, మంచిగున్నడు. ఇప్పుడొచ్చే కబురు ఉత్తదే. ఎవలు పరేషాన్ కావద్దు." ఒకాయన వచ్చి నిజంగానే నా భుజం ముట్టుకుని చూసి పోయినాడు. పోయినసారి ప్రణయ్ అంగీ పట్టినది ఆయనే అని తర్వాత కాగితం మీద రాసి చూపించినావు.

బండి వచ్చింది. పిల్లగాడి పెదవులు కదిలినవి. నా పేరు నాకు పెదవుల మీద తెలుస్తుంది. తహసీన్ చేతులు ఆగలేదు, ఒలుస్తూనే ఉన్నది. పక్కవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలైంది. ఏమన్నారో తెలియదు. సర్దార్‌ను రాయమంటే వాడు కాగితం, కలం కింద పెట్టి కళ్ళు తుడుచుకుంటున్నాడు. వాడితో నేను పొద్దున్నే చాయ్ తాగినాను. నేను పక్కనే కూర్చున్నాను. అయినా ఏడుస్తున్నాడు.

కొమురవ్వ కొంగు నోట్లో పెట్టుకున్నది. ఉత్తదే అని చెప్పినది ఆమే. మొదట ఏడ్చినది కూడా ఆమే. నా కోసం కాదని నాకు తెలుసు. ఆమెకు నేనెవరు? నవంబర్‌లో ఆ పొద్దు గూకేదాకా ఏడ్వకుండా కూర్చున్నది గదా, అది ఇప్పుడు వచ్చినట్టున్నది. వచ్చేటప్పుడు నా పేరు మీద వచ్చింది. నాకు నష్టం ఏమున్నది?

తర్వాత ఒక చిక్కు వచ్చింది. నేను నీకు సెప్టెంబర్‌లో రాసినాను, పరదా లేకుంటే చచ్చిన రాజు ఎప్పుడు లేవాలి అని. అదే చిక్కు. కదలకుండా కూర్చున్నాను. దించుదామంటే పరదా మా కిందనే ఉన్నది. అందరూ నన్ను చూస్తున్నారు. నేను ఎవరిని చూడాలో తెలియలేదు. నీ దిక్కు చూసినాను. నువ్వు ఏడుస్తున్నావు, నీతో పని కాదు.

అప్పుడు కొమురవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, సింహాసనం మీది ముసలామెను దాటుకుని, నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టినది. ఆమె మొహం నా మొహానికి దగ్గరగా ఉన్నది, మాట తెలిసింది. "లే అన్నా. లేసి బుక్కెడు తిను."

లేచినాను.

ఎండాకాలం మన ఊళ్ళో ఆడుదాం. రాజవ్వ వాకిలి ఇస్తానన్నది. ఉత్తదే అని చెప్పే పని ఆమెదే, ఇంకెవరికీ ఇవ్వనిస్తలేదు. మొదటి కబురు నేను పట్టుకొస్తాను. జనం ఏడ్చినా నాకు వినపడదు గనుక మధ్యలో ఆగను. పరదాకు పల్లికాయ పొట్టు అంటుకున్నది. దులపలేదు, అట్లనే చుట్టి అటక మీద పెట్టినాను.

ఈ ఉత్తరం సర్దార్ చేతికి ఇవ్వలేదు. జమ్మికుంటకు నేనే పోయి డబ్బాలో వేస్తున్నాను. దీని వెనక ఇంకో ఉత్తరం లేదు.

పెద్దబాపు